కూలర్ హోరులో అడుగుల చప్పుడు: తక్కువ ధరలో హెడ్‌ఫోన్స్

హోస్ట్: అందరికీ నమస్కారం, అనంతపురం నుంచి మాట్లాడుతున్నాం. ఈసారి మీరు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకటే. రెండు మూడు వేలలో హెడ్‌ఫోన్స్ కావాలి, పాటలకూ గేమ్‌కూ రెండింటికీ పనికిరావాలి. అందుకే టవర్ క్లాక్ దగ్గర హెడ్‌సెట్లు రిపేరు చేసే అన్నను పట్టుకొచ్చినాం. అన్నా, సూటిగా అడుగుతున్నా. అట్టపెట్టె మీద గేమింగ్ అని రాసుంటేనే కొనాలా?

అన్న: అక్కర్లేదమ్మా. ఆ ధరలో గేమింగ్ అని రాసినదాంట్లో కొంత డబ్బు లైట్లకే పోతుంది. తలకు పెట్టుకున్నాక ఆ లైట్లు ఎదురుగా కూర్చున్నోళ్లకే గానీ నీకు కనపడవు.

హోస్ట్: (నవ్వు) మరి నాలుగు దిక్కుల నుంచీ శబ్దం వచ్చినట్టుండే సెవెన్ పాయింట్ వన్ సరౌండ్ అంటారే?

అన్న: నా దగ్గరికి వచ్చేవి విప్పి చూస్తే చెవికి ఒక్క స్పీకరే ఉంటుంది. మిగతాదంతా సాఫ్ట్‌వేర్. ఎడమవైపు చప్పుడైతే ఎడమ చెవికి ముందు చేరుతుంది, కుడి చెవికి రవ్వంత ఆలస్యంగా, కాస్త తగ్గి చేరుతుంది. ముందూ వెనకా తేడా చెవి డొప్ప ఆకారాన్ని బట్టి తెలుస్తుంది. ఆ లెక్క చాలా గేములు సొంతంగానే వేసుకుంటాయి. వాలరెంట్ అనే గేమ్‌లో దానికే హెచ్‌ఆర్‌టీఎఫ్ అని సెట్టింగే ఉంది. అదీ ఆన్ చేసి, హెడ్‌సెట్ సరౌండూ ఆన్ చేస్తే ఒకే పని రెండుసార్లు జరిగి అడుగులు ఎటు నుంచి వస్తున్నాయో తెలీకుండా పోతుంది. మామూలు స్టీరియో చాలు.

హోస్ట్: ఫోన్లో బీజీఎంఐ అనే తుపాకుల గేమ్ ఆడే మా తమ్ముడు బ్లూటూత్ తప్ప వేరేది ముట్టుకోడు.

అన్న: పాటలకైతే వాడుకోనీ, ఏ ఇబ్బందీ లేదు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. సినిమా చూస్తుంటే ఫోన్ ఆ తేడాను సర్దేస్తుంది, బొమ్మను కూడా అంతసేపు ఆపుతుంది. గేమ్‌లో అట్లా ఆపలేదు కదా. తుపాకీ పేలినాక నీకు వినపడుతుంది, అప్పటికి నువ్వు పడిపోయుంటావు. గేమ్ మోడ్ ఉన్నవాటిలో ఆలస్యం తగ్గుతుంది, బొత్తిగా పోదు. వైర్ లేకుండానే కావాలంటే యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్‌వి చూడు, బ్లూటూత్ కంటే చాలా నయం.

హోస్ట్: ఇంకో కంప్లైంటు. ఫ్రెండ్స్‌తో మాట్లాడుతూ ఆడితే గేమ్ సౌండంతా రేడియోలో వచ్చినట్టు వస్తోందంట. వారంటీలో మార్చమని అడుగుతున్నారు.

అన్న: మార్చినా అంతే ఉంటుంది, వస్తువులో లోపం లేదు. బ్లూటూత్‌లో పాటలకు ఒక దారి, ఫోన్ కాల్‌కు ఒక దారి. మైక్ ఆన్ కాగానే కాల్ దారికి మారిపోతుంది. స్టీరియో పోయి మోనో అయితుంది, అంటే రెండు చెవులకూ ఒకటే శబ్దం. శాంప్లింగ్, అంటే సెకనుకు శబ్దాన్ని కొలిచే సార్లు, 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌కి పడిపోతుంది. ఎల్‌ఈ ఆడియో అనే కొత్త రకం బ్లూటూత్‌తో ఈ బాధ తగ్గుతుంది గానీ ఫోన్లోనూ హెడ్‌ఫోన్లోనూ రెండింట్లో ఉండాలి. ఈ బడ్జెట్‌లో నన్నడిగితే వైర్ ఉన్న మంచి హెడ్‌ఫోన్ ఒకటి, కాలర్‌కు తగిలించుకునే చిన్న మైక్ ఒకటి. మైక్ పోతే మైకే మార్చుకుంటావు.

హోస్ట్: వీడియోల్లో అందరూ ఓపెన్ బ్యాక్ కొనమంటున్నారు. ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500 పేరు తెగ వినపడుతుంది.

అన్న: మంచిదే. కప్పు వెనక జాలీ ఉంటుంది, గాలాడుతుంది, పాట విశాలంగా వినపడుతుంది, దిక్కులు బాగా తెలుస్తాయి. కానీ ఆ వీడియోలు చేసేవాళ్ల గదిలో కూలర్ ఉండదమ్మా! మన దగ్గర మార్చి దాటితే మధ్యాహ్నం కూలర్ లేకుండా కూర్చోగలవా? జాలీలోంచి ఆ హోరంతా లోపలికొస్తుంది. గేమ్‌లో అడుగుల చప్పుడు సన్నగా ఉంటుంది, అది మునిగిపోతుంది. అప్పుడేం చేస్తాం, వాల్యూమ్ పెంచుతాం.

హోస్ట్: పెంచితే చెవులకు...

అన్న: ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్ల్యూహెచ్‌ఓ, టెలికాం సంస్థ ఐటీయూ కలిసి 2019లో ఒక లెక్క ఇచ్చినాయి. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి పోతే వారానికి 4 గంటలే. పిల్లోళ్లు రాత్రి ఒక్క కూర్చోటంలో ఆడేది అంతుంటుంది. అందుకే కూలరున్న ఇంటికి కప్పు వెనక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ చెప్తాను. ఏసీ గదో, చలికాలమో అయితే ఓపెన్ బ్యాక్ హాయిగా కొనుక్కో.

హోస్ట్: క్లోజ్డ్ పెట్టుకుంటే చెమటలన్నా.

అన్న: నిజమే. రెక్సిన్ దిండ్లయితే చెమటకు పొలుసులు లేచి, నల్లటి పొట్టు చెవుల చుట్టూ అంటుకుంటుంది. మెత్తటి గుడ్డ దిండ్లున్నవి దొరికితే తీసుకో. లేకపోతే దిండ్లు ఊడి వచ్చేవైనా తీసుకో, విడిగా దొరుకుతాయి.

హోస్ట్: షాపులో ఏం చూడాలి? పెట్టె మీద 50 ఎంఎం డ్రైవర్ అని, అంటే లోపలి స్పీకర్ సైజు, పెద్దక్షరాల్లో ఉంటుంది.

అన్న: సైజు చూసి కొనొద్దు. ఆడియో టెక్నికా ఎం20ఎక్స్‌ది 40 ఎంఎమ్మే, దాని ముందు నిలబడలేని 50లు బోలెడు. నీకు బాగా అలవాటైన పాట ఫోన్లో పెట్టుకుని పో. ఆడగొంతు పాటలో స, ష వచ్చిన చోట విను. చెవిలో సూదిలా గుచ్చితే వద్దను, అరగంటకే తలనొప్పి. మృదంగం ఉన్న పాట ఇంకొకటి పెట్టు. మృదంగం ఎడమ ముఖం మీది గుమకి, కుడి ముఖం మీది దెబ్బ విడివిడిగా తెలియాలి. అంతా కలిసి గుబగుబమంటే బాస్ ఎక్కించినారని అర్థం, ఆ బాసే గేమ్‌లో అడుగులను మింగుతుంది. కళ్లద్దాలుంటే పెట్టుకునే చూడు. పది నిమిషాలు తీయకుండా ఉంచుకో. షాపాయన చూస్తే చూడనీ.

హోస్ట్: పెట్టె మీద రాసే ఓమ్స్, అంటే హెడ్‌ఫోన్ కరెంటుకు ఇచ్చే అడ్డు, దాని సంగతి?

అన్న: 32 ఓమ్స్ దగ్గర్లో ఉంటే మామూలుగా ఫోనే నడుపుతుంది. 250వి స్టూడియో సరుకు, సిగ్నల్ బలం పెంచే ఆంప్ కావాలి. జాక్ మాత్రం తప్పకుండా చూసుకో. మూడు నల్ల గీతలుంటే మైక్ కూడా అందులోనే ఉన్నట్టు, రెండుంటే ఉత్త శబ్దమే. డెస్క్‌టాప్‌కి పచ్చ, గులాబీ రంధ్రాలు వేరువేరుగా ఉంటే మూడు గీతలదానికి స్ప్లిటర్ కొనాలి. టైప్-సీ ఫోన్‌కయితే డీఏసీ, అంటే డిజిటల్ సిగ్నల్‌ను హెడ్‌ఫోన్‌కు పనికొచ్చేట్టు మార్చే చిప్, ఉన్న కన్వర్టరే అడుగు. లేనిది కూడా చూడ్డానికి అచ్చం అట్లే ఉంటుంది, చాలా ఫోన్లలో పనిచేయదు.

హోస్ట్: ఆఖరి ప్రశ్న. గుత్తి నుంచి ఒకరు రాసినారు, ఒక చెవిలో సౌండ్ పోయిందంట. ఇంట్లో అతికిస్తే మళ్లీ ఊడిందంట.

అన్న: జాక్ మెడ దగ్గరో, కప్పులోకి వైర్ పోయే చోటో తెగుంటుంది. లోపలి తీగలకు రంగురంగుల ఎనామిల్ పూత ఉంటుంది, అది తీయకుండా సీసం పెడితే అంటుకోదు. కొస కాల్చి, గీరి, అప్పుడు అతకాలి. కొత్తది కొనేవాళ్లు వైర్ ఊడి వచ్చేది కొనండి, అసలు నా దగ్గరికి రావాల్సిన పనే ఉండదు.

హోస్ట్: అట్లయితే నీ వ్యాపారం?

అన్న: చార్జర్లు ఉన్నాయి లేమ్మా.