రెండేళ్ల డిగ్రీతో సైకియాట్రిక్ వార్డులో ఉద్యోగం

యాంకర్: టెక్సాస్, ఇర్వింగ్ నుంచి ఒక సోదరి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా, సలహా ఇవ్వడానికి మేడమ్ ఇక్కడే ఉన్నారు.

కాలర్: నమస్కారమండి. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో సైకాలజీ అసోసియేట్ డిగ్రీ చేశాను. రెండేళ్ల కోర్సు. కౌన్సెలర్‌గా చేరదామంటే అందరూ మాస్టర్స్ అడుగుతున్నారు. చదివిందంతా వృథా అయిందేమోనని టెన్షన్‌గా ఉంది మేడమ్.

మేడమ్: వృథా కాదమ్మా. కానీ ఉన్నమాట చెప్తాను. టెక్సాస్‌లో కౌన్సెలర్ లైసెన్సుకు మాస్టర్స్ ఉండాలి, ఆపైన సూపర్‌వైజర్ కింద 3,000 గంటలు పనిచేయాలి. ఇప్పుడు మీకు దొరికేది సైకియాట్రిక్ ఆసుపత్రిలో మెంటల్ హెల్త్ టెక్నీషియన్ పని.

కాలర్: అది ఆయా పనే కదా అంటున్నారు మా అత్తగారు.

మేడమ్: నేనూ ఆ పనితోనే మొదలుపెట్టానమ్మా. నైట్ డ్యూటీలో పావుగంటకోసారి ప్రతి గదీ తిరగాలి. టార్చి వెలుగు ముఖం మీద పడకుండా నేలకేసి పట్టుకుని, దుప్పటి కింద ఊపిరి ఆడుతోందా లేదా అని నిలబడి చూసేదాన్ని. చూశాకే రికార్డు షీటు మీద టైము వేయాలి. కొందరు కుర్చీలో కూర్చునే గంటకు సరిపడా గడులు నింపేస్తారు. మీరు మాత్రం ఆ పని ఎప్పుడూ చేయకండి. ఆ పావుగంటలోనే ప్రాణం పోవచ్చు. డాక్టరుగారు కాసేపు చూసి వెళ్తారు. పేషెంటు అన్నం ఎందుకు ముట్టలేదో, ఎవరి ఫోన్ వచ్చాక ముసుగుతన్ని పడుకున్నాడో గమనించి నర్సుకు చెప్పాల్సింది మీరే. అది చిన్న పని ఎలా అవుతుంది?

కాలర్: మరి జీవితాంతం అక్కడే ఉండిపోవాలా మేడమ్?

మేడమ్: అక్కర్లేదు. మందు, డ్రగ్స్ మానాలని వచ్చేవాళ్లకు కౌన్సెలింగ్ చేసే లైసెన్సు ఒకటుంది, కెమికల్ డిపెండెన్సీ కౌన్సెలర్ అని. టెక్సాస్‌లో దానికి అసోసియేట్ డిగ్రీ సరిపోతుంది, సైకాలజీ అయినా పనికొస్తుంది. డిగ్రీతోపాటు నిర్ణీత క్లాసులు, ప్రాక్టికమ్ (అంటే పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ), 4,000 గంటల అనుభవం, పరీక్ష ఉంటాయి. మీ క్లాసుల్లో ఏవి లెక్కకొస్తాయో కాలేజీలో అడగండి. మీరు ఆ దారి చూడాలని నా కోరిక. మన ఇళ్లలో తాగుడు సంగతి గడప దాటనివ్వరు. ‘మా ఆయన రాత్రిళ్లు గరాజ్‌లో కూర్చుని తాగుతున్నారు’ అని తెలుగులో చెప్పుకోవడానికి ఒక మనిషి దొరకాలమ్మా.

కాలర్: చిన్నపాప ఉంది మేడమ్. పన్నెండు గంటల షిఫ్టంటే భయంగా ఉంది.

మేడమ్: శని, ఆదివారాలు మాత్రమే వస్తానని అడిగి చూడండి. ఆ రోజుల్లో మనుషులు దొరక్క ఇబ్బంది పడుతుంటారు. ఈలోగా సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స, నేర్చుకుని ఆ కార్డు తీసుకోండి.

కాలర్: ఈ వారమే తీసుకుంటానండి.