ఎలిజబెత్ షార్ట్ కేసు ఎందుకు తేలలేదు

అందరికీ నమస్కారం. జర్నలిజం విద్యార్థులు, లా విద్యార్థులు కలిసి కూర్చున్న సభ ఇది. అందుకే మీ ఇద్దరికీ పనికొచ్చే ఒక పాత కేసు గురించి మాట్లాడతాను. 1947 జనవరిలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఎలిజబెత్ షార్ట్ అనే ఇరవై రెండేళ్ల అమ్మాయిని చంపేశారు. ఎవరు చంపారో ఇప్పటికీ తేలలేదు. ‘బ్లాక్ డాలియా’ అంటే మీలో చాలామంది గుర్తుపడతారు. ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు. 1946లో ‘ది బ్లూ డాలియా’ అని ఒక సినిమా వచ్చింది. ఈమె నల్ల బట్టలు ఎక్కువగా వేసుకునేదని, ఆ సినిమా పేరునే కాస్త మార్చి తగిలించారు. నేను మాత్రం ఎలిజబెత్ అనే పిలుస్తాను.

ఒక విషయం ముందే చెబుతాను. శవం ఎలా ఉంది, ఏమేం చేశారు అనే వర్ణన నేను చేయను. దర్యాప్తు అర్థం కావడానికి తెలియాల్సింది ఇంతే: ఆమెను వేరే ఎక్కడో చంపారు, ఒళ్లు శుభ్రంగా కడిగారు, తెచ్చి ఖాళీ స్థలంలో పడేశారు. అసలు హత్య జరిగిన చోటు పోలీసులకు దొరకలేదు.

ఈ కేసు గురించి రాసేవాళ్లు హంతకుణ్ణి ఒక మహా మేధావిలా చూపిస్తుంటారు. నాకది చాలా బాధగా ఉంటుంది. వాడు జాగ్రత్తపడ్డాడు, నిజమే. కానీ వాడికి మిగతావాళ్లు చేసిన సాయం అంతకంటే పెద్దది. మొదటి పది రోజుల్లో ఆ ఊరి పత్రికలు, జనం, కొంతవరకు పోలీసులు కూడా ఆ చావును ఒక తమాషాగా మార్చేశారు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు ఆ అమ్మాయి ఎవరో చూద్దాం. 1924 జూలై 29న బోస్టన్‌లో పుట్టింది, దగ్గర్లోని మెడ్‌ఫర్డ్‌లో పెరిగింది. అయిదుగురు అక్కచెల్లెళ్లలో మూడోది. తండ్రి చిన్న చిన్న గోల్ఫ్ మైదానాలు కట్టేవాడు. 1929లో షేర్ మార్కెట్ కుప్పకూలినప్పుడు కూడబెట్టిందంతా పోయింది. 1930లో ఆయన కారు చార్లెస్‌టౌన్ వంతెన దగ్గర ఖాళీగా కనిపించింది. నదిలో దూకేశాడనుకున్నారు. తల్లి ఫీబీ లెక్కలు రాసే ఉద్యోగం చేసి అయిదుగురు ఆడపిల్లల్నీ పెంచుకొచ్చింది. పన్నెండేళ్లు గడిచాక, పోయాడనుకున్న ఆ మనిషి నుంచి క్షమించమంటూ ఉత్తరం వచ్చింది. కాలిఫోర్నియాలో బతికే ఉన్నాడట.

ఎలిజబెత్‌కు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. పదిహేనేళ్ల వయసులో ఊపిరితిత్తుల ఆపరేషన్ అయింది. చలి పడదని డాక్టర్లు చెబితే చలికాలాలు ఫ్లోరిడాలో గడిపేది. పద్దెనిమిదేళ్లకు కాలిఫోర్నియాలో తండ్రి దగ్గరకు వెళ్లింది కానీ ఇద్దరికీ పడలేదు. తర్వాత క్యాంప్ కుక్ అనే సైనిక శిబిరంలోని స్టోర్లో గుమస్తా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. వెయిట్రెస్‌గా కూడా పనిచేసింది. సైన్యంలో ఉన్న ఒక పైలట్ పెళ్లి చేసుకుంటానని ఉత్తరం రాశాడని, తను ఒప్పుకున్నానని స్నేహితులకు చెప్పింది. 1945 ఆగస్టులో, యుద్ధం ఇంకొన్నాళ్లలో ముగుస్తుందనగా, విమాన ప్రమాదంలో అతను పోయాడు. ఇది ఆ కాలంలో ఎందరో అమ్మాయిలకు ఉన్నలాంటి జీవితమే. చేతిలో డబ్బు లేక, స్థిరమైన ఇల్లు లేక, ఏదో ఒకటి కుదురుతుందన్న ఆశతో ఊళ్లు తిరిగింది.

ఇక 1947 జనవరి 15 ఉదయం. లీమర్ట్ పార్క్ అనే ప్రాంతంలో, నార్టన్ అవెన్యూ పక్కన ఇంకా ఇళ్లు కట్టని ఖాళీ స్థలం. మూడేళ్ల కూతుర్ని తీసుకుని నడిచి వెళ్తున్న ఒక గృహిణికి గడ్డిలో ఏదో తెల్లగా కనిపించింది. బట్టల దుకాణంలో పెట్టే బొమ్మ అనుకుందామె. సంగతి అర్థం కాగానే పిల్లను తీసుకుని దగ్గర్లోని ఇంటికి పరుగెత్తి పోలీసులకు ఫోన్ చేసింది. కాసేపట్లోనే అక్కడ విలేకరులు, ఫోటోగ్రాఫర్లు, చూడటానికి వచ్చిన జనం మూగిపోయారు. లా విద్యార్థులకు నేను వేరే చెప్పక్కర్లేదు. వంద జతల బూట్లు తిరిగిన నేల మీద ఏ అడుగు ఎవరిదో ఇంకెవరు చెప్పగలరు?

ఆమె ఎవరో తెలుసుకోవడం దగ్గర మాత్రం పని చకచకా జరిగింది. ఆ ఘనత ఇవ్వాల్సిన వాళ్లకు ఇవ్వాలి. లాస్ ఏంజెలెస్ ఎగ్జామినర్ అనే పత్రిక దగ్గర సౌండ్‌ఫోటో యంత్రం ఉండేది. మన ఫ్యాక్స్‌కు తాత లాంటిదనుకోండి. దాని మీద వేలిముద్రలను వాషింగ్టన్‌లోని ఎఫ్‌బీఐకి పంపారు. అవి మసకగా చేరాయి. అయినా చేతికందిన 56 సెకన్లలో ఎఫ్‌బీఐ మనిషిని గుర్తుపట్టింది. కంప్యూటర్లు లేని రోజుల్లో, 10 కోట్లకు పైగా వేలిముద్రల మధ్య నుంచి! ఆమె ముద్రలు వాళ్ల దగ్గర రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి ఆ సైనిక శిబిరం ఉద్యోగానికి పెట్టిన దరఖాస్తులో. రెండోది, వయసు చాలకుండా మద్యం తాగిందని 1943లో శాంటా బార్బరా పోలీసులు పట్టుకున్నప్పటిది. ఆ అరెస్టప్పుడు తీసిన ఫోటోను పత్రికలకు ఇచ్చారు. అంటే హత్యకు గురైన మనిషి ముఖం జనం ముందుకు ఒక నేరస్తురాలి ఫోటోగా వచ్చింది.

ఆ తర్వాత జరిగింది జర్నలిజం విద్యార్థులు కాస్త మనసుపెట్టి వినాలి. పేరు తెలిసింది. తల్లి మెడ్‌ఫర్డ్‌లో ఉందని తెలిసింది. పోలీసులు ఆమెకు కబురు చెప్పేలోపే ఎగ్జామినర్ వాళ్లు ఫోన్ చేశారు. మీ అమ్మాయి అందాల పోటీలో గెలిచింది అన్నారు. ఆ తల్లి పరిస్థితి ఒకసారి ఊహించండి. ఎక్కడో దూరాన ఉన్న కూతురు, ఆరోగ్యం అంతంతమాత్రం, నిలకడైన ఉద్యోగం లేదు. ఉన్నట్టుండి ఆ పిల్ల గెలిచిందంటూ ఫోను. ఏ తల్లయినా పొంగిపోదా? అడిగినవన్నీ చెప్పింది. చిన్నప్పటి సంగతులు, స్నేహాలు, ఉత్తరాలు, ఎక్కడెక్కడ ఉందో, అన్నీ. ఇక రాబట్టడానికి ఏమీ మిగల్లేదు అనుకున్నాక అప్పుడు చెప్పారు, మీ అమ్మాయిని చంపేశారని.

అక్కడితో ఆపలేదు. విమాన టికెట్, బస మేమే చూసుకుంటాం, దర్యాప్తుకు సాయం చేయడానికి రండి అని పిలిపించారు. వచ్చాక ఆమెను పోలీసులకు, మిగతా పత్రికలకు అందకుండా చూశారు. స్కూప్ చేజారకూడదు కదా! కూతురి గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి తొలి రోజుల్లో, అంటే ఒక్కో గంటకూ విలువున్న రోజుల్లో, ఒక పత్రిక చేతిలో ఉండిపోయింది. ఇది క్రూరత్వం మాత్రమే కాదు, దర్యాప్తుకు కలిగించిన నష్టం కూడా. ఎలిజబెత్‌ను ఓక్లాండ్‌లోని మౌంటెన్ వ్యూ శ్మశానంలో ఖననం చేశారు. మిగతా ఆడపిల్లల పెళ్లిళ్లు అయ్యాక, ఆ సమాధికి దగ్గరగా ఉండాలని ఫీబీ ఓక్లాండ్‌కే కాపురం మార్చింది. తొంభై ఏళ్లు దాటి బతికింది. జవాబు దొరకకుండానే పోయింది.

పత్రికల్లో వచ్చిన రాతల సంగతి ఒక్క ఉదాహరణతో చెబుతాను. ఆఖరిసారి చూసినవాళ్లు చెప్పిన ప్రకారం ఆమె వేసుకున్నది కొలతలకు కుట్టించిన నల్ల సూటు. అచ్చులోకి వచ్చేసరికి అది బిగుతు స్కర్టు, పలచటి బ్లౌజు అయింది. ఒంటి మీది బట్టలనే మార్చేసినవాళ్లు నడవడికను వదులుతారా? వేశ్య అన్నారు. దానికి ఏ ఆధారమూ లేదు. దాంతో ఒక ప్రమాదం కూడా జరిగింది. ఆమెతో నిజంగా పరిచయమున్న మర్యాదస్తులు ముందుకొచ్చి మాకు తెలుసు అని చెప్పడానికి జంకే పరిస్థితి తయారైంది.

పోలీసులకు అసలు కావాల్సింది ఒక ఆరు రోజుల లెక్క. జనవరి 9న ఆమెను శాన్ డియాగో నుంచి కార్లో తీసుకొచ్చిన ఒక సేల్స్‌మన్, ఊరి నడిబొడ్డున ఉన్న బిల్ట్‌మోర్ హోటల్ దగ్గర దింపాడు. బోస్టన్ నుంచి వస్తున్న అక్కను కలవాలని చెప్పిందట. లాబీలో ఆమె ఫోన్ మాట్లాడటం హోటల్ సిబ్బంది చూశారు. సేల్స్‌మన్‌ను పోలీసులు గట్టిగా ప్రశ్నించారు, లై డిటెక్టర్ పరీక్షలు చేశారు, చివరికి వదిలేశారు. అక్కడి నుంచి 15వ తేదీ ఉదయం దాకా ఆమె ఎక్కడుందో, ఎవరితో ఉందో నమ్మదగ్గ ఆధారం లేదు.

తర్వాత హంతకుణ్ణంటూ ఒకడు ఎగ్జామినర్ ఎడిటర్‌కే ఫోన్ చేశాడు. కొన్ని జ్ఞాపికలు పంపుతానన్నాడు. జనవరి 24న పోస్టులో ఒక కవరు దొరికింది. పత్రికల్లోంచి కత్తిరించిన అక్షరాలతో చిరునామా అతికించి ఉంది. లోపల ఎలిజబెత్ జనన ధ్రువపత్రం, ఫోటోలు, విజిటింగ్ కార్డులు, అడ్రసుల పుస్తకం. అన్నిటినీ పెట్రోలుతో తుడిచేశాడు. కవరు మీద దొరికిన కొద్దిపాటి వేలిముద్రలు కూడా ఎఫ్‌బీఐకి పంపే దారిలో చెడిపోయాయి. గమనించండి, వాడు రాసింది పోలీసులకు కాదు, పత్రికలకు. తనకు వేదిక ఎక్కడ దొరుకుతుందో వాడికి బాగా తెలుసు.

ఒక కౌన్సిల్ సభ్యుడు 10,000 డాలర్ల బహుమతి ప్రకటించాడు. ఆ ప్రచారానికి ఈ సొమ్ము తోడయ్యేసరికి, నేనే చంపాను అంటూ వచ్చేవాళ్లు క్యూ కట్టారు. మొదట్లోనే 60 మంది దాకా వచ్చారు. దశాబ్దాలు గడిచేసరికి ఆ లెక్క 500 దాటింది. అందులో కొందరు హత్య జరిగే నాటికి పుట్టనే లేదు! ప్రతి ఒక్కరి మాటా సరిచూడాలి. వందల మంది పోలీసుల సమయం అలా హరించుకుపోయింది. ఆడవాళ్ల, పిల్లల హత్యలు వరుసగా ఎందుకు తేలడం లేదని 1949లో ఒక గ్రాండ్ జ్యూరీ, అంటే నేరాలపై విచారణ జరిపే పౌరుల బృందం, లాస్ ఏంజెలెస్ పోలీసులను నిలదీసింది. ఎలిజబెత్ చనిపోయిన నెల లోపే అదే ఊళ్లో ఒక నర్సును కూడా చంపేశారు. ఆ కేసూ తేలలేదు. ఇవాళ ఆమె గురించి మాట్లాడేవాళ్లు చాలా తక్కువ.

ఇప్పుడు డీఎన్‌ఏ ఉంది కదా, తేలదా అని అడుగుతారు. తేలిన కేసులు చూస్తే తేడా తెలుస్తుంది. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్‌లో 1983లో ఒకర్ని, 1986లో ఒకర్ని, పదిహేనేళ్ల అమ్మాయిలనే చంపారు. పదిహేడేళ్ల కుర్రాడొకడు రెండో హత్య నేనే చేశానని ఒప్పుకున్నాడు. మరో దర్యాప్తు అయితే అక్కడితో ఫైలు మూసేసేవారు. వీళ్లు దాచి ఉంచిన నమూనాలను, డీఎన్‌ఏ ముద్రలను కనిపెట్టిన అలెక్ జెఫ్రీస్‌కు ఇచ్చారు. రెండూ చేసింది ఒకడే, ఆ కుర్రాడు మాత్రం కాదు అని తేలింది. ఆ తర్వాత చుట్టుపక్కల దాదాపు 5,000 మంది మగవాళ్ల నమూనాలు సేకరించారు. అసలువాడు కాలిన్ పిచ్‌ఫోర్క్. తన బదులు తోటి ఉద్యోగితో నమూనా ఇప్పించాడు. ఆ ఉద్యోగి పబ్‌లో నోరు జారడంతో దొరికిపోయాడు. 1988లో శిక్ష పడింది.

ఇంకోటి కాలిఫోర్నియాదే. 1970లు, 80లలో వరుస హత్యలు చేసినవాణ్ణి 2018లో పట్టుకున్నారు. మాజీ పోలీసు, అప్పటికి డెబ్బై దాటిన మనిషి. పట్టిచ్చింది 1980లో వెంచురా కౌంటీలో జరిగిన జంట హత్యల నాటి నమూనా. అక్కడ పోస్టుమార్టం చేసిన డాక్టరుకు ఒకటి చాలినచోట రెండు నమూనాల కిట్లు తీసి పెట్టే అలవాటు ఉండేది. డీఎన్‌ఏ పరీక్ష అనే ఆలోచనే లేని రోజుల్లో ఆయన అదనంగా తీసి ఉంచిన ఆ రెండో కిట్ ఫ్రీజర్‌లో ముప్పై ఏడేళ్లు ఉంది. అందులోని డీఎన్‌ఏను వంశవృక్షాల వెబ్‌సైటులో పోల్చి చూస్తే దూరపు బంధువులు దొరికారు, వాళ్ల ద్వారా హంతకుడి దాకా వెళ్లారు. చప్పుడు చేయకుండా తన పని రెండుసార్లు చేసిన ఆ డాక్టరంటే నాకు ఎంతో గౌరవం. ఎలిజబెత్ విషయంలో కడిగిన ఒంటి నుంచి, పెట్రోలుతో తుడిచిన కాగితాల నుంచి, ఇది హంతకుడిదే అని ఖాయంగా చెప్పగల నమూనా కావాలి. అది లేకుండా ఎంత గొప్ప పరీక్ష అయినా దేంతో పోల్చాలి?

అందుకే ఇప్పుడు పుస్తకాలు మిగిలాయి. ఒక్కో పుస్తకం ఒక్కో పేరు చెబుతుంది. లాస్ ఏంజెలెస్ పోలీసుగా రిటైరైన ఒకాయన డాక్టరైన తన సొంత తండ్రే హంతకుడని రాశాడు. 1950లో ఆ డాక్టరు ఇంట్లో అధికారులు రహస్యంగా మైకులు పెట్టి విన్న మాట వాస్తవం. అనుమానం అంతవరకు ఉంది, కేసు మాత్రం ఎవరి మీదా కోర్టు దాకా పోలేదు. పేర్లు చెప్పబడినవాళ్లంతా చనిపోయారు, తిరిగి జవాబు చెప్పుకోలేరు. రేపు మీలో ఎవరి టేబుల్ మీదికైనా, ‘డాలియా మిస్టరీ వీడింది’ అంటూ ఒక వార్త వస్తుంది. వేసే ముందు ఒక్కటే అడగండి: జనవరి 9 సాయంత్రం బిల్ట్‌మోర్ నుంచి 15 ఉదయం నార్టన్ అవెన్యూ దాకా ఆ అమ్మాయి ఎక్కడుందో ఈ మనిషి ఆధారంతో చూపించాడా? ఇప్పటివరకు వచ్చిన ఏ సిద్ధాంతమూ ఆ పని చేయలేకపోయింది.