200 ఫెమ్టోసెకన్లలో తిరిగేది ప్రోటీన్ కాదు!

"కాంతి పడగానే కంటిలోని ప్రోటీన్ 200 ఫెమ్టోసెకన్లలో ఆకారం మార్చేస్తుంది" అని రాసేస్తుంటారు. చూసినప్పుడల్లా చిరాకే. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ వెయ్యి చేస్తే ఒక ఫెమ్టోసెకను. అంత తొందరగా తిరిగేది ప్రోటీన్ కాదు, దాని మధ్యలో ఇరుక్కున్న రెటినాల్ అనే చిన్న అణువు.

ఆఫీసు టైములో పటాన్‌చెరు నుంచి కోఠి వెళ్లే 218 బస్సు అనుకోండి. కాలు పెట్టే సందు లేదు. నడుమ నిలబడ్డ ఒకాయన గిర్రున పక్కకి తిరిగాడు. ఆయన తిరగడం చిటికెలో అయిపోయింది. జనం సర్దుకోవడానికి మాత్రం రెండు స్టాపులు పట్టింది. ఆయన రెటినాల్, బస్సంతా రోడాప్సిన్ అనే ఆ కంటి ప్రోటీన్.

500 నానోమీటర్ల దగ్గరి కాంతి పడితే రెటినాల్‌లోని 11, 12 కార్బన్ల మధ్య డబుల్ బాండ్ పట్టు సడలుతుంది. వంగి ఉన్న 11-సిస్ రెటినాల్ చాచినట్టుండే ఆల్-ట్రాన్స్ రూపం అయిపోతుంది. కానీ సాఫీగా నిలబడే చోటు లేదు కదా, మోచెయ్యి పక్కాయన డొక్కలో గుచ్చుకునే ఉంటుంది. పడిన ఫోటాన్ (కాంతి కణం) శక్తిలో సగానికి పైగా ఆ ఒత్తిడిలోనే దాగుతుంది.

మరి ఖాళీ బస్సులో ఇంకా తొందరగా తిరగాలిగా? లేదు! ప్రోటీన్ లేకుండా రెటినాల్‌ను మిథనాల్ అనే ద్రవంలో వేస్తే కొన్ని పికోసెకన్లు (ఒక్కోటి వెయ్యి ఫెమ్టోసెకన్లు) పడుతుంది. పీల్చుకున్న ప్రతి వంద ఫోటాన్లకు ప్రోటీన్‌లో 65 దాకా పని చేస్తే, అక్కడ పాతికలోపే. ప్రోటీన్‌లోని రద్దీ ఆయన్ని ముందే కాస్త మెలితిప్పి, ఒక్క వైపే దారి వదులుతుంది. నాకు బాగా నచ్చే సంగతి ఇదే.

కొలిచేది ఎలా? ఇంత వేగమైన కెమెరా షట్టర్ లేదు. ఒక లేజర్ పల్స్‌తో (దాన్నే పంప్ అంటారు) తట్టి, రెండోదాన్ని ఆలస్యంగా పంపి చూస్తారు. రెండోదాని దారిలోని అద్దాన్ని 15 మైక్రాన్లు వెనక్కి జరిపితే కాంతికి రానూపోనూ 30 మైక్రాన్లు పెరుగుతాయి, అంటే 100 ఫెమ్టోసెకన్లు. పల్స్‌లు 30 ఫెమ్టోసెకన్ల లోపు ఉండాలి. లెన్సు, క్యువెట్ (శాంపిల్ పోసే చిన్న గిన్నె) గాజు మందంగా ఉంటే పల్స్ సాగిపోయి, తొలి అడుగు మసకైపోతుంది. ఇక సిగ్నల్ పెరగాలని పంప్ పవర్ పెంచేస్తుంటారు. అలా పెంచితే ఒకే అణువు రెండు ఫోటాన్లు మింగి, కంటిలో ఎన్నడూ జరగనిది చూపిస్తుంది. పవర్ సగం చేయండి, సిగ్నల్ కూడా సగమవ్వాలి. కాకపోతే ఆ డేటా పారేయండి.

టైం లేదు, రెటినాల్ తిరిగాక ప్రోటీన్ సర్దుకుంటూ దాటే రూపాలు గబగబా: పికోసెకన్లలో బాతోరోడాప్సిన్, నానోసెకన్లలో లూమి, మిల్లీసెకన్లలో మెటా-2. ప్రోటీన్‌లోని ఆరో హెలిక్స్ (స్ప్రింగులా చుట్టుకున్న భాగం) బయటికి జరిగి, సంకేతాన్ని ముందుకు పంపే ట్రాన్స్‌డ్యూసిన్ అనే ప్రోటీన్‌కు చోటిచ్చేది అప్పుడే. రోడాప్సిన్ ఒక్కసారికే వెలిసిపోతుంది కాబట్టి మసక ఎర్ర లైటులో పని చేయాలి, ప్రతి షాట్‌కూ కొత్త శాంపిల్ పారుతుండాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సూక్ష్మజీవుల్లో ఉండే ఇలాంటి ప్రోటీన్, బ్యాక్టీరియోరోడాప్సిన్ తీసుకోండి, పది మిల్లీసెకన్లకల్లా దానంతటదే మొదటి రూపానికి వచ్చేస్తుంది.