పెళ్లి ఇంట్లో నగలు: లాకర్ నుంచి తెచ్చాక ఆ మూడు రాత్రులు

[తెర మీద: చేతిలో శుభలేఖ. కెమెరా నెమ్మదిగా ముహూర్తం ఉన్న లైను మీదికి వస్తుంది.]

ఈ శుభలేఖ ఒకసారి చూడండి. శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం, 2 గంటల 17 నిమిషాలకు ముహూర్తం. దాని కింద కల్యాణ మండపం పేరు. ఇంకొంచెం కిందికి వస్తే ఆహ్వానించేవాళ్ల ఇంటి నంబరు, వీధి పేరు. చుట్టాల కోసం వేయించిన కార్డు ఇది. ఇప్పుడు అదే కార్డు వాట్సాప్‌లో మనకు తెలియని గ్రూపుల్లోకి కూడా వెళ్తోంది. దొంగ కంట పడితే వాడికి కావలసింది అందులోనే ఉంది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. ఆ ఇంటి బంగారం మాత్రం ఆ వారమే లాకర్లోంచి బయటికి వచ్చి ఉంటుంది.

నేను ఈ వీడియో చేయడానికి కారణం మా వాళ్లింట్లో జరిగిన సంగతే. మా పిన్ని కూతురి పెళ్లయిన మర్నాడు రాత్రి ఒక హారం, రెండు జతల గాజులు కనబడకుండా పోయాయి. తాళం పగల్లేదు, తలుపు విరగలేదు. పోలీసులు వచ్చి బరువెంత అని అడిగితే పిన్ని ఏడు తులాలంది, బాబాయి ఆరంటాడు, మామ్మ కాసుల్లో చెప్పింది. ఫొటో ఉందా అంటే పెళ్లి ఆల్బమ్ ఇంకా రాలేదు. చివరికి అందరి చూపూ పదేళ్లుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న ఆవిడ మీదికి వెళ్లింది. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. కానీ సంచి చూపించమన్నారు. ఆవిడ సంచి చూపించి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. నగలు దొరకలేదు. ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. కొన్నేళ్లకి పిన్ని మళ్లీ హారం చేయించుకుంది. ఆవిడ మాత్రం మళ్లీ ఆ గుమ్మం ఎక్కలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

[తెర మీద: క్యాలెండర్. శుక్రవారం నుంచి సోమవారం దాకా గుండ్రంగా గీత.]

ముందు రాత్రులు లెక్కపెడదాం. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. మన కార్డులోది రెండో శనివారం అనుకోండి. లాకర్ తెరవాలంటే శుక్రవారమే వెళ్లాలి. తిరిగి పెట్టడానికి సోమవారం దాకా ఆగాలి. అంటే శుక్ర, శని, ఆదివారాలు, మూడు రాత్రులు. సోమవారం సత్యనారాయణ వ్రతం పెట్టుకుంటే నాలుగు. ముహూర్తం దగ్గర్నుంచి భోజనాల దాకా అన్నిటికీ లెక్క వేస్తాం. ఈ రాత్రుల్లో నగలు ఏ గదిలో ఉండాలి, ఎవరి దగ్గర ఉండాలి అన్నది మాత్రం ఎవరూ కూర్చుని మాట్లాడుకోరు.

కాబట్టి లాకర్ దగ్గరే మొదలుపెట్టండి. అందులో ఉన్నవన్నీ తెచ్చేయకండి. పెళ్లికూతురు ఏ చీర మీదికి ఏం పెట్టుకుంటుంది, తల్లి ఏం వేసుకుంటుంది అని ముందే అనుకుని అవే తీసుకోండి. "ఎందుకైనా మంచిది" అని తెచ్చిన వడ్డాణం మూడు రాత్రులూ ఎవరి ఒంటి మీదా ఉండదు, ఎవరి కళ్ల ముందూ ఉండదు.

[తెర మీద: తెల్ల తువ్వాలు మీద పరిచిన నగలు. పక్కన రూపాయి నాణెం.]

ఇంటికి రాగానే పావుగంట ఈ పనికి కేటాయించండి. తెల్ల తువ్వాలు పరిచి, ఒక్కో నగ విడిగా పెట్టి, పక్కన ఒక నాణెం ఉంచి ఫొటో తీయండి. ముందు వైపు, వెనక వైపు. నాణెం పక్కన ఉంటే సైజు తెలుస్తుంది. తర్వాత కాగితం మీద నగ పేరు, బరువు రాయండి. బరువు గ్రాముల్లోనే రాయాలి. తులం అంటే పాత లెక్కలో 11.66 గ్రాములు, ఇప్పుడు చాలామంది 10 గ్రాములనే తులం అంటున్నారు. కాసు అంటే 8 గ్రాములు. మా పిన్ని వాళ్లింట్లో ముగ్గురు మూడు రకాలుగా చెప్పింది అందుకే. వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ఈమధ్య కొన్న నగలైతే ఇంకో పని. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపుల్లో అమ్మే హాల్‌మార్క్ నగల మీద హెచ్‌యూఐడీ అని అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం ఆరు ఉండే కోడ్ ఉండాలి. చాలా సన్నగా ఉంటుంది, భూతద్దం పెట్టి చూడాలి. ఆ కోడ్ కూడా రాసుకోండి. బీఐఎస్ కేర్ యాప్‌లో కోడ్ కొడితే ఆ నగ వివరాలు వస్తాయి. పోయిన నగ ఎప్పుడైనా దొరికితే, అది మీదేనని చెప్పడానికి బిల్లు, ఫొటో, ఈ కోడ్ కావాలి. దొరికిన సొత్తు కోర్టు ద్వారానే మన చేతికి వస్తుంది. అక్కడ "మా అమ్మాయిది నాకు తెలియదా" అంటే సరిపోదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తున్నాను. నగల బాధ్యత ఎవరిది?

మన ఇళ్లల్లో అడక్కుండానే అది పెళ్లికూతురి తల్లి మీద పడుతుంది. కానీ ఒకసారి ఆలోచించండి. కన్యాదానం వేళ ఆవిడ పీటల మీద ఉంటుంది. చేతిలో బిందె ఉంటుంది, కళ్లు కూతురి మీద ఉంటాయి. బ్యాగు వెనకాల కుర్చీలో ఉంటుంది. తండ్రి కూడా పీటల మీదే. మేనమామకి ఇద్దామా అంటే పెళ్లికూతుర్ని గంపలో తీసుకురావలసింది ఆయనే. కాబట్టి పీటల మీద పని ఉన్నవాళ్లెవరికీ తాళాలు ఇవ్వకండి. పెళ్లితంతులో పని లేని దంపతుల్ని ఒక జంటని ఎంచుకోండి. పెదనాన్న, పెద్దమ్మ కావచ్చు, పెద్దక్క, బావ కావచ్చు. "ఈ మూడు రోజులూ మీకు ఇంకే పనీ చెప్పం, నగలు చూసుకుంటే చాలు" అని నోరు తెరిచి అడగండి. ఎవరు ఏ నగ తీసుకున్నా, తిరిగి ఇచ్చినా ఆ కాగితం మీద టిక్ పడాలి. చుట్టాల దగ్గర లెక్క రాస్తే బాగుండదేమో అని మొహమాటపడతాం. కాగితం ఉంటే ఎవరి మీదా అనుమానం పడదు. ఇంట్లో పనిచేసేవాళ్లకీ చుట్టాలకీ అదే రక్ష.

[తెర మీద: స్టీలు బీరువా. పైన దుమ్ములో తాళంచెవి ఆనవాలు.]

మొదటి రాత్రి. నగలు బీరువాలో పెడతాం. ఇంట్లో వాడే మామూలు బీరువా పల్చటి ఇనుప రేకు. బట్టలకి బాగానే ఉంటుంది, గట్టి ఇనుప కడ్డీ ముందు ఎక్కువసేపు ఆగదు. దానికి తోడు తాళంచెవి బీరువా మీదో, చీరల మడతలోనో, దేవుడి గూట్లోనో ఉంటుంది. ఈ చోట్లు దొంగలకి కొత్త కాదు. బియ్యం డ్రమ్ములో మూటకట్టి దాచేవాళ్లూ ఉన్నారు. పెళ్లింట్లో ఆ డ్రమ్ము ఎవరు బోర్లిస్తారో తెలియదు, దయచేసి వద్దు. చిన్న డిజిటల్ సేఫ్ ఉంటే మంచిదే. కానీ వెనకాల, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి గోడకి, నేలకి బోల్టులు బిగించి ఉండాలి. బిగించకపోతే అది నగలతో సహా చేత్తో పట్టుకుపోవడానికి వీలైన పెట్టె.

సేఫ్ లేనివాళ్లకి నా సలహా ఇది. లోపలే బాత్రూమ్ ఉన్న ఒక గది నగలకి కేటాయించండి. కిటికీకి గ్రిల్ ఉందా, బాత్రూమ్ వెంటిలేటర్ గట్టిగా ఉందా, లోపలి గడియ సరిగా పడుతుందా చూసుకోండి. నగలు ఒక గట్టి సూట్‌కేసులో పెట్టి తాళం వేసి, రైల్లో సామాను కట్టుకునే గొలుసుతో మంచం కోడుకి కట్టేయండి. ఆ దంపతులు ఆ గదిలోనే పడుకోవాలి. ఆ గదిలో ఇంకెవరికీ పరుపులు వేయకండి.

రెండో రాత్రి ముహూర్తం. అందరూ మండపానికి వెళ్తారు. ఇంటికేమో సీరియల్ బల్బులు వెలుగుతుంటాయి. ఆ రాత్రి ఇంట్లో ఒక్క నగ కూడా ఉండకూడదని నా అభిప్రాయం. ఒంటి మీద లేనివి ఆ దంపతుల దగ్గర, భుజానికి అడ్డంగా వేసుకున్న బ్యాగులో ఉండాలి. మండపంలో పెళ్లికూతురి గది తాళం నమ్ముకోకండి, దానికి ఎన్ని తాళంచెవులు ఉన్నాయో మనకు తెలియదు. ఇంటి దగ్గర ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు మనుషులు ఉండాలి. మామ్మ ఎలాగూ ముహూర్తానికి రాలేదు కదా అని నగలన్నీ ఆవిడకి అప్పగించి, ఒంటరిగా వదిలి వెళ్లే ఇళ్లు చూశాను. అది ఆవిడ ప్రాణం మీదికి తెచ్చే పని. ఎట్టి పరిస్థితుల్లోనూ అలా చేయకండి.

ఇంటి దగ్గర ఎవరూ ఉండడం కుదరకపోతే పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పండి, గస్తీలో మీ వీధి చూసుకుంటారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ల కోసం ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు. యాప్‌లో అడిగితే ఇంట్లో కెమెరా పెడతారు, లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కి తెలుస్తుంది. మీ ఊళ్లో ఇప్పుడు అది అందుతోందో లేదో స్టేషన్‌లోనే అడగండి.

[తెర మీద: తెల్లవారుజాము. ఓరగా తెరిచి ఉన్న వీధి తలుపు.]

మూడో రాత్రి. నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదమైనది ఇదే. పెళ్లయిపోయిందన్న నిశ్చింత. రెండు రాత్రులు నిద్ర లేని ఒళ్లు. పడుకుంటే పిడుగు పడ్డా లేవం. వేసవి అయితే సగం మంది డాబా మీద ఉంటారు, డాబా తలుపు తెరిచే ఉంటుంది. పందిరి వాళ్ల నిచ్చెన గోడకి ఆనించి ఉంటుంది. చదివింపుల కవర్లు ఏదో సంచిలో ఉంటాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, వీధి తలుపు ఒక ఎత్తు. తెల్లవారుజామున నాలుగింటికి రైలు ఉన్న చుట్టాలు చప్పుడు చేయకుండా లేచి, ఎవరినీ లేపడం ఎందుకని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోతారు. లోపలి నుంచి గడియ పెట్టేవాళ్లు ఉండరు. తెల్లారేదాకా ఆ తలుపు అలాగే ఉంటుంది. మా పిన్ని వాళ్లింట్లో ఆ తెల్లవారుజామున రెండు కుటుంబాలు అలాగే వెళ్లాయి. కాబట్టి పడుకునే ముందే ఎవరెవరు ఎన్నింటికి వెళ్తున్నారో అడగండి. ఇంట్లో ఒక కుర్రాడు అలారం పెట్టుకుని లేచి, వాళ్లని ఆటో ఎక్కించి, వచ్చి గడియ పెట్టుకోవాలి. నిచ్చెన లోపల పడేసి తాళం వేయండి. గునపం, పలుగు లాంటివి పెరట్లో వదలకండి.

రాత్రి చప్పుడై మెలకువ వస్తే బయటికి పరుగెత్తకండి. గది గడియ పెట్టుకుని, లైటు వేసి, గట్టిగా అరిచి 112కి ఫోన్ చేయండి. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే అడిగింది ఇచ్చేయండి. తెల్లారాక చిందరవందరగా ఉన్న గది సర్దకండి, బీరువా ముట్టుకోకండి. క్లూస్ టీమ్ వచ్చేదాకా వేలిముద్రలు అలాగే ఉండాలి.

ఇన్సూరెన్స్ గురించి రెండు ముక్కలు. ఇంటి పాలసీ ఉంటే నగలకూ వర్తిస్తుందనుకుంటాం. నగల్ని విడిగా చేర్పించాలి. పైగా చాలా పాలసీల్లో తలుపో తాళమో పగలగొట్టిన ఆనవాలు ఉంటేనే దొంగతనం కింద డబ్బు ఇస్తారు. దగ్గరగా వేసిన తలుపు తోసుకుని వచ్చాడంటే క్లెయిమ్ దగ్గర చిక్కే. లాకర్ విషయానికొస్తే, రిజర్వ్ బ్యాంకు నిబంధన 2022 జనవరి 1 నుంచి మారింది. లాకర్లో దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి వంద రెట్ల దాకా. అద్దె 3,000 రూపాయలైతే 3 లక్షలు. మొత్తం నగల విలువ కాదు. అయినా ఇంట్లో బీరువా కన్నా అది ఎంతో నయం.

[తెర మీద: సోమవారం ఉదయం. బ్యాంకు మెట్ల మీద ఇద్దరు మనుషులు.]

సోమవారం బ్యాంకు తెరిచే వేళకే వెళ్లండి, ఇద్దరు కలిసి వెళ్లండి. దారిలో టిఫిన్‌కి ఆగకండి. లాకర్ ముందు నిలబడి శుక్రవారం రాసిన కాగితం తీసి, ఒక్కో నగకీ మళ్లీ టిక్ పెడుతూ లోపల పెట్టండి. ఆ కాగితం లాకర్లోనే ఉంచి, దాని ఫొటో మీ ఇద్దరి ఫోన్లలో దాచుకోండి.