ఆనప పువ్వు విచ్చుకునే వేళ

శ్రోతలకు నమస్కారం.

మార్చి రెండో వారం వచ్చిందంటే మా శ్రీకాకుళంలో తెల్లవారకముందే జనం అరసవల్లి దారి పడతారు. పొద్దు పొడవగానే తొలి కిరణాలు గుళ్ళోకి వచ్చి సూర్యనారాయణమూర్తి పాదాల మీద పడతాయి. అక్టోబరు మొదట్లో మళ్ళీ అలాగే పడతాయి. ఆ పూట మబ్బు పట్టిందా, అందరూ ఉసూరుమంటూ ఇంటికి రావడమే.

ఈ రెండు నెలల్లోనే ఎందుకు? చిన్నప్పుడు నన్ను బాగా తొలిచిన ప్రశ్న ఇది. మార్చి 20, 21 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. అంతకు పది రోజుల ముందు తూర్పుకి కాస్త దక్షిణంగా పొడుస్తాడు. సెప్టెంబరు 22, 23 దాటిన పది రోజులకి మళ్ళీ ఆ చోటికే వస్తాడు. అంటే ఉత్తరానికి పోతూ ఒకసారి, దక్షిణానికి తిరిగొస్తూ ఒకసారి ఆ గుమ్మానికి ఎదురవుతాడన్నమాట.

మా డాబా మీది కుండీలకి కూడా ఈ నడకే ఆధారం. చలికాలంలో దక్షిణం వైపు పిట్టగోడ నీడ మధ్యాహ్నం కూడా రెండున్నర అడుగుల మేర పడుతుంది. ఆ నీడలో పెట్టిన తోటకూర ఎదగదు. ఇప్పుడు ఆ నీడ రోజురోజుకీ గోడ వైపు జరిగిపోతోంది. మే రెండో వారంలో ఒక రోజు, పన్నెండుకి కాస్త ముందు, సూర్యుడు మన నడినెత్తి మీదకి వస్తాడు. ఆ క్షణాన నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. గోడ పక్కన ఉన్నాయి కదా, కుండీలకి ఫరవాలేదులే అనుకుంటే పొరపాటే. ఆ రోజుల్లో మొక్కకి పైనుంచి నీడ కావాలి.

మన పెద్దవాళ్ళు ఈ లెక్కంతా కార్తెల్లో పెట్టారు. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరుంటే అది ఆ కార్తె. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు. ఇందులో నాకు ఎంతో నచ్చే సంగతి ఒకటుంది. ఏ కార్తె నడుస్తుంటే ఆ నక్షత్రం చాలావరకు మనకి కనిపించదు. సూర్యుడి పక్కనే ఉంటుంది కదా, ఆ వెలుగులో కలిసిపోతుంది.

కృత్తికనే తీసుకోండి. మా అమ్మమ్మ దాన్ని పిల్లలకోడి అనేది. ఆరేడు చుక్కలు ఒకచోట గుమిగూడి, నిజంగానే పెట్ట చుట్టూ చేరిన కోడిపిల్లల్లా ఉంటాయి. ఇప్పుడు, మార్చి మధ్యలో, రాత్రి ఏడింటికి డాబా ఎక్కితే పడమట సగం ఎత్తులో కనిపిస్తాయి. చుక్కలు రోజుకి నాలుగు నిమిషాలు ముందుగా అస్తమిస్తాయి. నెలకి రెండు గంటలు. ఏప్రిల్ మధ్యకి అదే ఏడింటికి పిల్లలకోడి బాగా కిందికి దిగిపోతుంది. మే మొదట్లో సంధ్య వెలుగులో మునిగిపోతుంది. మే 11 ప్రాంతంలో పంచాంగం కృత్తిక కార్తె అంటుంది. 25 ప్రాంతంలో రోహిణి. రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతి అటుంచి, ప్లాస్టిక్ బకెట్లో ఉన్న మొక్క వేళ్ళు ఆ వేడికి ఉడికిపోతాయి. అందుకే పిల్లలకోడి దిగేలోపు కుండీల మట్టి మీద నాలుగు వేళ్ళ మందాన కొబ్బరి పీచు పరచండి. కొబ్బరితోటల ఉద్దానం పక్కనే ఉన్న మనకి పీచుకి కరువా! లేదంటే ఎండుటాకులైనా సరే. నీళ్ళు పొద్దున్న ఎండెక్కకముందు, మళ్ళీ పొద్దుగూకాక. మధ్యాహ్నం పైపులో నీళ్ళు సలసలా కాగుతుంటాయి, అవి పొయ్యకండి.

ఇక అసలు చెప్పాలని వచ్చిన మాట. మేడ మీద మొదటిసారి ఆనప పాదు పెట్టిన ఏడు నాకు ఒక్క కాయ దక్కలేదు. తీగ పందిరంతా అల్లుకుంది. పిందెలు వేలెడు పొడవు వచ్చి, పసుపు రంగుకి తిరిగి, రాలిపోయాయి. బలం చాలలేదనుకుని గత్తం వేశాను, ఇంకా వేశాను. ఆకులు విస్తరాకులంత అయ్యాయి గానీ పిందె నిలవలేదు. చివరికి పక్కింటి పిన్నిగారు పైకి వచ్చి చూసి, "పగలు చూస్తే ఏం తెలుస్తుందమ్మా, దీపాలు పెట్టే వేళకి రా" అన్నారు.

ఆ వేళకి వెళ్ళి పాదు దగ్గర కూర్చున్నాం. అప్పటిదాకా గొడుగులా మడుచుకున్న మొగ్గ మెల్లగా వదులైంది. ఐదు తెల్లటి రేకులు, పల్చగా, ముడతలతో, ఇస్త్రీ చెయ్యని మల్లు గుడ్డలా విచ్చుకున్నాయి. ఆనప రాత్రి పూసే పువ్వు. చీకట్లో తిరిగే రెక్కల పురుగులు ఆ తెలుపుని చూసి వచ్చి, మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకి చేరుస్తాయి. మా పందిరి పక్కనే నేను ఒక పెద్ద ఎల్ఈడీ దీపం పెట్టుకున్నాను. వచ్చిన నాలుగు పురుగులూ ఆ దీపం చుట్టూనే తిరుగుతున్నాయి. పువ్వు వైపు ఒక్కటీ రాలేదు.

ఆ రోజే దీపం తీసేశాం. పిన్నిగారు సన్నటి పొడుగు కాడ ఉన్న మగ పువ్వుని కోసి, రేకులు వెనక్కి మడిచి, అడుగున నూగు పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యలో మెత్తగా అద్దారు. పసుపు పొడి అంటుకుంది. వారానికి ఆ పిందె చెయ్యంత అయింది. బీర పువ్వు కూడా సాయంత్రమే పూస్తుంది, దానికీ ఇదే పద్ధతి. జనవరి చివర్లో గింజ పెట్టినవాళ్ళకి ఇప్పుడు పూత మొదలై ఉంటుంది. ముందు అన్నీ మగ పువ్వులే వస్తాయి, కంగారు పడకండి.

దీపం తీసేసిన ఆ రాత్రి నాకు ఇంకోటి కూడా దొరికింది. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా మా డాబా మీద పట్టుమని పది చుక్కలు కూడా లేవనుకునేదాన్ని. నడినెత్తిన మృగశిర, దానికి దక్షిణంగా ధగధగలాడే సిరియస్, ఇంకా కిందుగా అగస్త్య నక్షత్రం. ఆకాశంలో మొదటి రెండు అతి ప్రకాశవంతమైన నక్షత్రాలు ఒకదాని కింద ఒకటి! చెయ్యి చాచి పిడికిలి పట్టి చూస్తే అగస్త్యుడు మనకి దాదాపు రెండు పిడికిళ్ళ ఎత్తులో ఉంటాడు. ఢిల్లీ వాళ్ళకి ఒక పిడికిలి కూడా ఉండడు.

పోయినేడు మే మొదటివారంలో వరసగా మూడు సాయంత్రాలు పిల్లలకోడి కోసం వెతికాను. మొదటి రోజు మసక మసకగా ఉంది. రెండో రోజు ఉందో లేదో అనిపించింది. మూడో రోజు లేదు. మర్నాడు పొద్దున్నే పందిరి మీద గ్రీన్ నెట్ కట్టేశాం, పిన్నిగారు ఒక కొస పట్టుకున్నారు.

సెలవు. నమస్కారం.