కొత్త స్కానర్‌కి చెవుడా? డాలస్ తెలుగు స్టూడియోలో చర్చ

మోడరేటర్: మళ్లీ టోర్నడోల సీజన్. కారులో స్కానర్, అంటే పోలీసు, వాతావరణ ఛానళ్లు వినే రేడియో, పెట్టుకునే మనవాళ్ల మధ్య ఒకటే గొడవ. ఏడెనిమిది వందల డాలర్ల కొత్త సెట్ కన్నా ఇరవై ఏళ్ల పాతదే బాగా పట్టేస్తోందట. అందరికీ సమానంగా టైమ్ ఇస్తాను. అన్నా, ముందు మీరు.

పాత సెట్ల అభిమాని: నాది బేర్‌క్యాట్ 780, పాత స్కానర్. పక్కనే కొత్తది బిగించాను, పేరు చెప్పను. డాలస్‌కి ఉత్తరాన షెర్మన్ ఊరి దాకా పోయాక డాలస్ వాతావరణ ఛానల్, 162.400 మెగాహెర్ట్జ్, పెట్టాను. పాతదాంట్లో మాట వినిపిస్తోంది, కొత్తదాంట్లో ఒకటే బుస్సు!

ఇంజినీర్: రెండింటికీ ఒకే యాంటెన్నానా?

అభిమాని: పాతదానికి కారు కప్పు మీద, కొత్తదానికి అద్దం దగ్గర. అది వేరే విషయం...

ఇంజినీర్: అసలు విషయమే అదండీ!

మోడరేటర్: అంటే కంపెనీలు కావాలనే నాసిరకం చేస్తున్నాయా?

హ్యామ్ (ఔత్సాహిక రేడియో) ఆపరేటర్: కొలవకుండా ఎలా చెప్తాం? సిగ్నల్ జనరేటర్ పెట్టి, 12 డీబీ సినాడ్, అంటే రొదలోంచి మాట అర్థమయ్యేంత స్పష్టత, రావడానికి ఎన్ని మైక్రోవోల్టుల సిగ్నల్ కావాలో చూడాలి. 0.2కీ 0.4కీ తేడా 6 డీబీ. యాంటెన్నా చోటు మారితేనే అంత...

అభిమాని: మేడమ్, నా చెవులే నాకు మీటర్! [బల్ల చరుస్తారు] 1994లో స్కానర్లలో సెల్‌ఫోన్ మాటలు వినిపించే బ్యాండ్ కోసేశారు చూడండి, అప్పుడే మొదలైంది ఈ దిగజారుడు!

ఇంజినీర్: అది చట్టం సార్. సెన్సిటివిటీకీ, అంటే బలహీనమైన సిగ్నల్ పట్టే శక్తికీ, దానికీ...

అభిమాని: నన్ను పూర్తి చెయ్యనివ్వండి! పాతదాంట్లో మాట స్పష్టం. కొత్తదాంట్లో బుస్సు.

మోడరేటర్: ఇందాకా అడిగాను, నాసిరకమేనా?

ఇంజినీర్: కాదండీ. మీ 780కి పీ25, అంటే పోలీసు, ఫైర్ వాళ్లు వాడే డిజిటల్ పద్ధతి, అసలు రాదు. పైగా ఇప్పుడు సిమల్‌కాస్ట్‌లో ఒకే మాటను చాలా టవర్లు ఒకేసారి పంపుతాయి. అవి కాస్త ముందూ వెనకా చేరితే మాట ముక్కలవుతుంది. సిగ్నల్ నిండుగా ఉన్నా అంతే. 2019లో వచ్చిన ఎస్‌డీఎస్200 స్కానర్ రిసీవర్‌ని దాన్ని తట్టుకునేలా చేశారు.

అభిమాని: తుఫాను వస్తుంటే నాకు డిజిటల్ ఎందుకు? వాతావరణం వినపడాలి!

హ్యామ్ ఆపరేటర్: టవర్ల దగ్గర బలమైన సిగ్నల్ మీద పడితే మంచి రిసీవర్ కూడా మొద్దుబారుతుంది. సిగ్నల్‌ని తగ్గించే బటన్, అటెన్యుయేటర్, నొక్కి చూశారా? రొద పెట్టే డ్యాష్‌క్యామ్, ఫోన్ ఛార్జర్ పీకి చూశారా?

అభిమాని: ఛార్జర్ పీకితే మ్యాప్ ఎలా చూడాలి?

[ముగ్గురూ ఒకేసారి మాట్లాడతారు]

ఇంజినీర్: ఇంకో మాట. 2013 నుంచి చాలా ఛానళ్ల వెడల్పుని 12.5 కిలోహెర్ట్జ్‌కి కుదించారు. పాత సెట్లో వాటి గొంతు సన్నగా...

అభిమాని: వాల్యూమ్ పెంచుకుంటాను! కప్పు మీదది తీసి కొత్తదానికి పెట్టమంటారా? నా పాతది ఏం పాపం చేసింది?

హ్యామ్ ఆపరేటర్: ఐదు నిమిషాలు మార్చి చూడండి, చాలు...

మోడరేటర్: టైమైపోయింది మేడమ్. అన్న అనుభవం విన్నాక కంపెనీల మీద అనుమానం రాకమానదు.

ఇంజినీర్: ఒకే యాంటెన్నాతో...

అభిమాని: నేను మొదట్నుంచీ అదే చెప్తున్నా! షెర్మన్ దగ్గర...