ట్రాన్స్‌ఫార్మర్ మోతకు అల్యూమినియం రేకు మందు కాదు

అందరికీ నమస్కారం. గుణుపురంలో ఆంప్లిఫైయర్లు బాగుచేసే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ అల్యూమినియం రేకు చుట్టాను. అయినా స్పీకర్లో గుయ్‌మనే మోత తగ్గలేదు. ఇంకో రెండు చుట్లు వేయమంటారా?"

వద్దు తమ్ముడూ. దామన్‌జోడిలో అల్యూమినా కర్మాగారం ఉంది కదా అని మన కొరాపుట్, రాయగడ వాళ్లం ప్రతి పనికీ అల్యూమినియాన్నే నమ్ముకోనక్కర్లేదు.

ఆ మోత ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బయటికి వచ్చే అయస్కాంత క్షేత్రం వల్ల వస్తుంది. దాన్ని ఏ లోహం ఆపుతుందో ఇదిగో చూడండి. పాత స్పీకర్ నుంచి ఊడదీసిన అయస్కాంతం ఇది, పక్కన దిక్సూచి. మధ్యలో అల్యూమినియం మూత పెట్టాను. ముల్లు చలించలేదు, అయస్కాంతం వైపే చూస్తోంది. ఇప్పుడు బిస్కెట్ల రేకు డబ్బా మూత పెడుతున్నాను. అదిగో, ముల్లు ఉత్తరం వైపు జరిగింది. రేకు డబ్బా అంటే పూత వేసిన ఉక్కే.

వాన నీటికి కాలువ తవ్వి దారి మళ్లించినట్టు, ఉక్కు అయస్కాంత క్షేత్రాన్ని తనలోంచి పోనిచ్చి పక్కకు తప్పిస్తుంది. ఈ గుణాన్ని పర్మియబిలిటీ అంటారు. రాగికి, అల్యూమినియానికి అది గాలితో సమానంగా 1 మాత్రమే. మామూలు ఉక్కుకు వందల నుంచి వేలల్లో ఉంటుంది. దాదాపు 80 శాతం నికెల్ ఉండే మ్యూమెటల్‌కు లక్ష దాకా వెళ్తుంది.

అయితే మ్యూమెటలే కొనేద్దామా? రిపేరు షాపుకు అది దండగ అంటాను. 1923లో సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగల కోసం పుట్టిన మిశ్రలోహం అది. వంచినా, కింద పడేసినా గుణం తగ్గిపోతుంది. మళ్లీ రావాలంటే హైడ్రోజన్ కొలిమిలో 1100 డిగ్రీలకు పైగా కాల్చాలి. పైగా దాదాపు 0.8 టెస్లాకే (టెస్లా అంటే అయస్కాంత క్షేత్రపు కొలమానం) నిండిపోతుంది, అంతకు మించి క్షేత్రాన్ని తనలోకి తీసుకోలేదు. ఇనుము 2 టెస్లా దాకా తట్టుకుంటుంది. అందుకే బలమైన క్షేత్రం ఉన్నచోట ముందు ఉక్కు పొర వేసి, సున్నితమైన భాగం వైపు మ్యూమెటల్ పెడతారు.

వంటింటి స్టీలు పళ్లెం జోలికి కూడా పోకండి. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకానికి అయస్కాంతం సరిగా అంటుకోదు, 430 రకానికి అంటుకుంటుంది. కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి; దుకాణదారు మాటకన్నా దాని మాట నిజం.

అల్యూమినియం, రాగి బాగా పనిచేసేది మారే క్షేత్రాల దగ్గర. వాటిలో పుట్టే సుడి కరెంట్లు ఆ మార్పును ఎదిరిస్తాయి. రేడియో తరంగాలకు పలుచని రాగి రేకు చాలు: 1 మెగాహెర్ట్జ్ దగ్గర 0.07 మిల్లీమీటర్ల లోతుకే క్షేత్రం మూడో వంతుకు పడిపోతుంది. మన ఇంటి కరెంటు 50 హెర్ట్జే. అక్కడ అల్యూమినియంలో అదే తగ్గుదలకు దాదాపు 12 మిల్లీమీటర్ల మందం కావాలి. చాక్లెట్ కాగితంలాంటి రేకు ఎన్ని చుట్లు చుడితే అంత అవుతుంది?

ఇక గుణుపురం మోత సంగతి. లోహం కొనకముందే ట్రాన్స్‌ఫార్మర్ మరలు విప్పి, మెల్లగా పక్కకు తిప్పుతూ వినండి. ఒక కోణంలో మోత బాగా తగ్గుతుంది, అక్కడే బిగించండి. వీలైతే ప్రీ ఆంప్ బోర్డును, అంటే బలహీనమైన సిగ్నల్‌ను మొదట పెంచే బోర్డును, దూరం జరపండి. దూరం రెట్టింపైతే క్షేత్రం సుమారు ఎనిమిదో వంతవుతుంది. ఇంకా మిగిలితే ఆ బోర్డుకు మామూలు ఉక్కు రేకు పెట్టె చేయండి. చివరగా, వెడల్పాటి రాగి పట్టీని ట్రాన్స్‌ఫార్మర్ బయట, వైండింగ్‌నూ (తీగ చుట్లు) కోర్‌నూ (మధ్యలోని ఇనుప భాగం) కలిపి చుట్టి రెండు కొసలనూ సోల్డర్ చేయండి. పట్టీని కోర్ కిటికీల్లోంచి, అంటే తీగ చుట్లు దూరే ఖాళీల్లోంచి, మాత్రం దూర్చకండి. అలా చేస్తే అది షార్టయిన చుట్టు అవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది.